సాగరదీపంలో వైరు మార్చిన వైనం

కాకినాడలో సాగరదీపం అపార్ట్‌మెంట్స్ నుంచి చూస్తే సాగరమూ కనపడదు, దీపమూ కనపడదు. ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ కనపడుతుంది. ఆ లోటు పూడ్చడానికే కాబోలు, కట్టినాయన కింది అంతస్తులో ఒక హోమ్ థియేటర్ గది కట్టించి ఇచ్చాడు. గోడంత తెర, వెనక్కి వాలే కుర్చీలు, నాలుగు మూలలా స్పీకర్లు, తెర కింద గుండెలదిరేలా మోగే ఒక పెద్ద డబ్బా. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ ఒక సినిమా వేసేవారు.

ఆ శనివారం కోసం వారమంతా ఎదురుచూసే మనిషి సంగాడి గంగరాజు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడరేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజను గదిలో పనిచేశాడు. ఆ ఇంజను ఆయన చెవులను ఆయనకంటే ముందే రిటైరు చేసింది. చెవి మిషను పెట్టుకుంటే ఎదుటి మనిషి మాట తెలిసేది గాని, నలుగురు కలిసి మాట్లాడితే అంతా సంతగోలలా వినిపించేది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేశాడు. థియేటర్ గదిలో ఎడమ స్పీకరు పక్క కుర్చీలో కూర్చుంటే మాత్రం మాట మాటగా, పాట పాటగా తెలిసేది. అందరితో పాటు పగలబడి నవ్వేవాడు.

ఆయన భార్య సత్యవేణికి సినిమా కంటే ఆ నవ్వు ముఖ్యం. ఆమె మునిసిపల్ స్కూల్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో ప్రతి మాటా ఒకటికి నాలుగుసార్లు చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది. శనివారం ఒక్కరోజే ఇద్దరూ ఒకే మాట ఒకేసారి విని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఒక శనివారం సినిమా మధ్యలో ఎడమ స్పీకరు గరగరమని ఆగిపోయింది. వెనక్కి వంగి చూస్తే దాని వైరు ఊడి వేలాడుతోంది.

మర్నాడు పొద్దున్నే సత్యవేణి సంఘం సెక్రటరీ పెన్మెత్స రామభద్రరాజు గారి ఫ్లాటుకు వెళ్లింది. ఆయన ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాడు. ఇంట్లో పాలప్యాకెట్టు కూడా ఆయన అభ్యంతరం తెలిపి గాని తీసుకోడని పనిమనిషి చెబుతుంది.

“వైరు ఊడిందండి. ఎవరినైనా పిలిపించి పెట్టిస్తే సరిపోద్దండి” అంది సత్యవేణి.

“పెట్టించడం అంటే రిపేరమ్మా.”

“అవునండి, రిపేరే.”

“రిపేరనే పద్దు మన సంఘంలో లేదు. ‘అభివృద్ధి’ ఉంది. ‘ఆకస్మిక విపత్తు’ ఉంది. వైరు ఊడటం ఆకస్మికమే గాని, విపత్తని రుజువు చేయాలంటే ఎవరికైనా దెబ్బ తగలాలి. మీవారికి షాక్ గాని కొట్టిందా?”

“లేదండి.”

“అదే వచ్చిన చిక్కు” అన్నాడు రామభద్రరాజు నిజమైన బాధతో.

“పోనీ మేమే పెట్టేసుకుంటామండి. మావారు జీవితమంతా మిషన్లతోనే కదండి గడిపింది.”

“అమ్మమ్మా! ఉమ్మడి ఆస్తి మీద వ్యక్తిగతంగా చేయి పడిందంటే అది ఆక్రమణ కిందికొస్తుంది. నేను మీ మేలుకోరి చెబుతున్నాను.”

చివరికి ఆయనే ఒక దారి చూపించాడు. ఫ్లాటు గంగరాజు పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదు గంగరాజు పేరు మీదే ఉండాలి. అందులో ‘వైరు పెట్టించవలెను’ అని రాయకుండా ‘వైరు స్థాయిని పెంచవలెను’ అని రాయాలి. స్థాయి పెంచడం అభివృద్ధి కాబట్టి దానికి అభ్యంతరం ఉండదు. గంగరాజు చదవకుండానే సంతకం పెట్టాడు. “ఏదైతే ఏంటే, శనివారానికి పలికితే చాలు” అన్నాడు.

సంఘం అధ్యక్షుడు అవసరాల సోమయాజులు గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేశారు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకు శంకుస్థాపన చేయడానికి ఏమీ దొరకలేదు. ఫిర్యాదు చేతికి రాగానే ఆయన సర్వసభ్య సమావేశం పిలిచారు.

“మిత్రులారా, ఇది ఒక వైరు సమస్య కాదు” అన్నారు. “నీళ్లు ఎంత పుష్కలంగా ఉన్నా కాలువ సరిగా లేకపోతే చివరి ఎకరానికి చేరవు. ధ్వని కూడా అంతే. మన గంగరాజు గారు చివరి ఎకరం. ఒక్క కాలువ పూడిక తీస్తే చాలదు. మొత్తం ఆయకట్టును ఆధునికీకరించాలి.”

తనను ఎకరమన్నారని గంగరాజుకు వినపడలేదు. అందరూ తన వైపు చూసి చప్పట్లు కొడితే లేచి దండం పెట్టాడు.

ఆధునికీకరణ కోసం హైదరాబాదు నుంచి ప్రణీత్ అనే సౌండ్ కన్సల్టెంటును రప్పించారు. కుర్రవాడే గాని మాట్లాడేటప్పుడు కళ్లు సగం మూసుకోవడం వల్ల పెద్దవాడిలా కనిపించేవాడు. తెచ్చిన కేబుళ్లను నగల పెట్టెల్లాంటి మఖ్మల్ పెట్టెల్లోంచి తీశాడు. ఒక్కొక్కటీ బొటనవేలంత లావుంది. పాత వైరుతో ఒక పాట వినిపించాడు. కొత్త కేబులు తగిలించి అదే పాట మళ్లీ వినిపించాడు.

“తేడా మీరే చెప్పండి” అన్నాడు.

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. సోమయాజులు గారు ముందుగా గొంతు సవరించుకున్నారు. “వయొలిన్ విద్వాంసుడు ఇందాక కూర్చుని వాయించాడు. ఇప్పుడు కాస్త ముందుకు జరిగి కూర్చున్నాడు.”

“ఎగ్జాక్ట్‌లీ సార్” అన్నాడు ప్రణీత్.

అధ్యక్షుడికి వినపడ్డాక మిగతావారికి వినపడకుండా ఎలా ఉంటుంది? తబలా వాయించినతని ఉంగరం కూడా తెలుస్తోందని ఒకరన్నారు. గాయనికి కొద్దిగా జలుబు చేసిన సంగతి ఇన్నేళ్లూ పాత వైరు దాచిపెట్టిందని ఇంకొకరు మండిపడ్డారు. మూడో అంతస్తు మంగతాయారు గారు కళ్లు తుడుచుకున్నారు. సత్యవేణి వంతు వచ్చింది.

“రెండోసారి కాస్త గట్టిగా పెట్టారండి” అంది.

రామభద్రరాజు దాన్ని మినిట్స్‌లో ‘ధ్వని గాఢత పెరిగినందుకు ఒక సభ్యురాలు హర్షం వెలిబుచ్చారు’ అని రాసుకున్నాడు.

కొత్త కేబుళ్లు వేశారు. ఇక శనివారం సినిమా అనుకుంటుండగా ప్రణీత్ ఒక సంగతి బయటపెట్టాడు. కొత్త చెప్పు కాలికి నలిగినట్టు కొత్త కేబులు పాటకు నలగాలట. అందాకా మనుషులెవరూ లోపలికి వెళ్లకూడదట. గదికి తాళం వేసి, లోపల ఖాళీ కుర్చీలకు పగలంతా పాటలు వినిపించారు. గంగరాజు కిందికి దిగి, మూసిన తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. ఇంజను గదిలో గోడ మీద చెయ్యి పెట్టి మిషను నడక తెలుసుకోవడం ఆయనకు అలవాటే.

“ఏ పాటో తెలవట్లేదే” అనేవాడు భార్యతో. “మోగుతోందని మాత్రం తెలుస్తోంది.”

కేబుళ్లు నలిగాక తలుపులు తెరిచారు. ఆ రోజు నుంచి లిఫ్టు పక్క బోర్డు మీద ఉత్తర్వులు మొదలయ్యాయి. నేల చలనం కేబులుకు సోకుతుంది కాబట్టి వాటిని టేకు పీటల మీద నిలబెట్టారు. పీటలకు అడ్డమొచ్చిన కుర్చీల వరుస తీసేశారు. తరువాతి ఉత్తర్వు ఇలా ఉంది: ‘సదరు కేబుళ్ల మీదుగా సభ్యులు గాని, వారి బంధువులు గాని, పనివారు గాని దాటి వెళ్లరాదు. ధ్వని ప్రవాహ దిశకు ఎదురు నడవరాదు.’ ప్రవాహం ఎటో తెలియడానికి నేల మీద బాణం గుర్తులు గీశారు. వాటి ప్రకారం లోపలికి వెళ్లడానికి దారి ఉంది గాని బయటికి రావడానికి లేదు. సినిమా అయ్యాక జనం వెనక్కి నడుస్తూ, తెరకు మొహం చూపిస్తూ బయటికొచ్చేవారు. గుళ్లోంచి వచ్చినట్టు ఎంత నిండుగా ఉందో అని సోమయాజులు గారు సంతోషించారు.

ఆ తరువాత గాజులు నిషేధించారు. పాలియెస్టర్ చొక్కాలు నిషేధించారు. దగ్గు వచ్చేవారు ముందుగా తెలియజేయాలన్నారు. మనిషి శరీరం ధ్వనిని పీల్చేస్తుందని ప్రణీత్ ఫోనులో చెప్పాడు. కాస్త లావుగా ఉన్నవాళ్లు ఎక్కువ పీలుస్తారని రామభద్రరాజు తీర్పు చెప్పి, తానే ముందుగా రెండు వారాలు రావడం మానేశాడు. సాగరదీపంలో ఆయన నిజాయితీని శంకించినవాళ్లు ఎప్పుడూ లేరు.

అప్పుడు పడింది అసలు ఉత్తర్వు. ఇంత ఉన్నత స్థాయికి చేరిన ధ్వనిని తగని చెవుల్లో పోయడం సంఘం ఆస్తిని వృథా చేయడమేనట. సభ్యులందరూ చెవి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని అర్హత పత్రం తెచ్చుకోవాలి. అధ్యక్షుణ్ణి పత్రం అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అదీగాక, సంఘం ఆమోదించని ధ్వని పరికరాలేవీ గదిలోకి తీసుకురాకూడదు.

గంగరాజు ఉత్సాహంగా వెళ్లి, చెవి మిషను పెట్టుకుని పరీక్ష పాసై వచ్చాడు. ఆ శనివారం గుమ్మం దగ్గర రామభద్రరాజు ఆపాడు.

“మిషను తీసుకుని లోపలికి రాకూడదండి.”

“చెవి మిషనండీ ఇది!” అంది సత్యవేణి.

“ఇది ధ్వనిని పెంచుతుందా, లేదా?”

“పెంచుద్దండి. అందుకేగా పెట్టుకునేది.”

“అంటే ఆంప్లిఫయరు. ఎక్కడ కొన్నారో, ఏ కంపెనీదో సంఘానికి తెలియదు. మా కేబులు తెచ్చిన ధ్వనిని ఇది మళ్లీ పెంచితే, రేపు నాణ్యతకు ఎవరు పూచీ?”

“తీసేసి కూర్చుంటారు, పోనీ.”

“నిరభ్యంతరంగా! మిషను లేకుండా పరీక్ష పాసైన పత్రం ఉంటే చూపించమనండి.”

“మిషను లేకుండా ఎలా పాసవుతారండీ?”

“పరీక్షకు మిషను మీద అభ్యంతరం లేదమ్మా. గదిలోకే అభ్యంతరం.”

ఇద్దరి పెదవులనూ మార్చిమార్చి చూస్తున్న గంగరాజుకు సంగతి అర్థమైంది. “పదవే, పోదాం. కాలు పట్టేసింది, ఎక్కువసేపు కూర్చోలేను కూడా” అన్నాడు. ఆయన కాళ్లకు ఏ జబ్బూ లేదు.

ఇంటికొచ్చి మిషను తీసి బీరువాలో పెట్టాడు. మర్నాడు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. “నీ మాటలకు మిషనెందుకే? నువ్వేం చెప్తావో ఇన్నేళ్లలో నాకు తెలీదా” అని నవ్వాడు. శనివారం సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఎదుటి అపార్ట్‌మెంట్ గోడ చూసేవాడు. సత్యవేణి మొదట్లో ప్రతి మాటా గట్టిగా చెప్పింది, తరువాత సైగలు చేసింది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, పొద్దుట్నుంచీ తాను ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదని గుర్తొచ్చింది. ఆయన ఆ సంగతి గమనించనేలేదు. ఆమెకు భయం వేసింది. ఆయన్ని అలా వదిలి నేరుగా సోమయాజులు గారి ఇంటికి వెళ్లింది.

ఆయన శ్రద్ధగా ముందుకు వంగి ఆమె మొహమే చూస్తూ అంతా విన్నారు.

“చూడమ్మా, ప్రాజెక్టు అన్నాక కొంత ముంపు తప్పదు. దురదృష్టవశాత్తూ మీవారు ముంపు ప్రాంతంలో ఉన్నారు.”

“మరి ముంపు వాళ్లకి ఇంకోచోట ఇళ్లు కట్టిస్తారు కదండి?”

“ఆ అంశం పరిశీలనలో ఉంది” అన్నారు. ఉద్యోగంలో ఉండగా ఎన్ని ఊళ్లవాళ్లకు ఆ మాట చెప్పారో, చాలా మృదువుగా చెప్పారు.

ఆమె చేతికి పట్టు మాత్రం రామభద్రరాజే తెచ్చిచ్చాడు. చివరి విడతగా స్పీకర్లకు కరెంటు అందించే కేబులు కూడా మార్చి, శనివారం ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. అయితే నిబంధన ప్రకారం, ఫిర్యాదు చేసినవాడు ‘సంతృప్తి చెందితిని’ అని సంతకం పెడితే గాని పని ముగిసినట్టు కాదు. ఆయన కాగితం పట్టుకుని గంగరాజు ఇంటికొచ్చాడు.

“పెడతారండి” అంది సత్యవేణి. “లోపలికొచ్చి, విని పెడతారు.”

“మిషను…”

“జేబులో పెట్టుకుంటారు. జేబుకు అభ్యంతరం ఉందాండి?”

రామభద్రరాజు చాలాసేపు ఆలోచించాడు. జేబు గురించి తీర్మానంలో ఏమీ లేదు.

శనివారం గదిని పూలతో అలంకరించారు. సోమయాజులు గారు రిబ్బను కత్తిరించారు. కొత్త కేబులుకు పసుపు కుంకుమ పెట్టారు. “ఈ రోజుతో చివరి ఎకరానికి నీళ్లు చేరాయి” అని ప్రకటించారు. సత్యవేణి భర్తను మొదటి వరుసలో కూర్చోబెట్టి పక్కన కూర్చుంది. లైట్లు ఆర్పారు. తెర మీద బొమ్మ పడింది. గాయకుడొకడు వీణ పక్కన కూర్చుని నోరు తెరిచాడు.

గది నిండా గాఢమైన శ్రద్ధ అలుముకుంది.

“అబ్బ!” అన్నారు సోమయాజులు గారు మెల్లగా. “ఎంత నిర్మలం!”

“ఎక్కడా గరుకు లేదండి” అంది మంగతాయారు గారి గొంతు.

“పాడుతున్నట్టే లేదు” అన్నారెవరో. “ఆలోచిస్తున్నట్టుంది.”

సత్యవేణి చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. మొగుడి జబ్బు తనకూ అంటుకుందేమో అనుకుంది. ఇంతలో చెవి సరిగా లేనివాళ్లకుండే పెద్ద గొంతుతో గంగరాజు అన్నాడు:

“సౌండు రాటంలేదేంటే?”

చీకట్లో అందరూ జాలిగా నవ్వారు. ఎవరో “పాపం” అన్నారు. గంగరాజు జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు. రామభద్రరాజు లేచేలోపే మళ్లీ అన్నాడు:

“ఇప్పుడూ రాటంలేదు. ఫ్యాను తిరగడం వినపడతంది. ఆ మూల ఎవరో శనగలు నములుతున్నారు, వినపడతంది. ప్రెసిడెంటుగారి కడుపు గుడగుడలాడతంది, అదీ వినపడతంది. పాట రాటంలేదు.”

సత్యవేణి లేచి లైటు వేసింది. పసుపు కుంకుమ పెట్టిన కొత్త కేబులు దండ వేసుకుని పీట మీద పడుకుని ఉంది. దాని ప్లగ్గు మరీ లావుది కావడంతో గోడ సాకెట్టులో పట్టలేదు. పూజ కాగానే వేరే సాకెట్టు బిగిద్దామనుకున్నారు, పూజ అయ్యాక ఆ సంగతే మర్చిపోయారు.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముందుగా తేరుకున్నది ప్రారంభోత్సవానికని హైదరాబాదు నుంచి వచ్చిన ప్రణీత్. కళ్లు సగం మూసి, “దీన్నే సార్, మేం సంపూర్ణ నిశ్శబ్ద నేపథ్యం అంటాం” అన్నాడు. “కరెంటు కూడా కలవని శుద్ధ స్థితిలో కేబులును విన్న మొదటి శ్రోతలు మీరు.”

సోమయాజులు గారు చప్పట్లు కొట్టారు. అందరూ ఆనందంగా కొట్టారు. రామభద్రరాజు కాగితం, పెన్ను గంగరాజు ముందు పెట్టాడు.

“నాకు వినపడ్డాక పెడతానండి” అన్నాడు గంగరాజు. కోపంగా అనలేదు. పెన్ను మూత పెట్టి తిరిగిచ్చి, బాణం గుర్తులకు ఎదురు నడిచి, తిన్నగా బయటికి వెళ్లాడు. సత్యవేణి వెనకే నడిచింది.

అలా పని ముగియకుండా ఉండిపోయింది. ముగియని పనిచోటికి సభ్యులను రానివ్వడం నిబంధనలకు విరుద్ధం. ఫిర్యాదుదారుకు తృప్తి కలిగించాలంటే అతణ్ణి రానివ్వాలి, అతడు రావాలంటే పని ముగియాలి. రామభద్రరాజు రాత్రింబవళ్లు నిబంధనలు తిరగేసి, చివరికి గదికి తాళం వేసి ‘పని పురోగతిలో ఉంది’ అని బోర్డు తగిలించాడు.

ఆ తరువాతి శనివారం సత్యవేణి తన ఇంట్లో టీవీ పెట్టింది. గంగరాజును టీవీకి దగ్గరగా కూర్చోబెట్టి, మిషను చెవికి తగిలించి, ఆయన చాలన్నదాకా సౌండు పెంచింది. కిటికీ తలుపులు అదిరాయి. కాసేపటికి కాలింగ్ బెల్ మోగింది. గొడవకు సిద్ధపడి తలుపు తీస్తే మంగతాయారు గారు.

“ఏ సినిమా అండీ? మాటలు మా ఇంట్లోకి వినపడుతున్నాయి గాని బొమ్మ కనపడట్లేదు. కాసేపు కూర్చోనా?”

ఆవిడ చేతులనిండా గాజులు వేసుకొచ్చింది. పై వారం ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. ఆ పై వారం గుమ్మం ముందు చెప్పులు లిఫ్టు దాకా పరుచుకున్నాయి. రామభద్రరాజు ‘పరిశీలన నిమిత్తం’ వచ్చి, ఇంటర్వెల్లో సత్యవేణి ఇచ్చిన పకోడీలకు ఏ అభ్యంతరమూ తెలపకుండా చివరిదాకా పరిశీలించాడు.

ఇంకో శనివారం సినిమా మొదలయ్యాక సోమయాజులు గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. లోపలివాళ్లు సర్దుకుని కూర్చున్నారు.

“అధ్యక్షుడి హోదాలో రాలేదమ్మా” అన్నారు.

“ఏ హోదాలో వచ్చినా కూర్చోండి సార్” అంది సత్యవేణి.

గంగరాజు జరిగి తన పక్కన చోటిచ్చాడు. సోమయాజులు గారు కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముందుకు వంగి, తెర మీద మనుషుల పెదవులనే చూడసాగారు. సత్యవేణి పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ చూపు ఆమె రోజూ తన ఇంట్లో చూసేదే.

“సౌండు సరిపోయిందాండి?” అని అడిగాడు గంగరాజు.

సోమయాజులు గారు జవాబివ్వలేదు. గంగరాజు ఆయన వైపు తిరిగి, రిమోటు చూపించి, మళ్లీ అడిగాడు. ఆయన ఒకసారి గుమ్మం వైపు, ఒకసారి రామభద్రరాజు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు:

“ఇంకాస్త పెంచండి.”

గంగరాజు రిమోటు ఆయన చేతిలోనే పెట్టేశాడు. సోమయాజులు గారు మీట నొక్కుతూ పోయారు. వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాక ఆపి, సోఫాలో వెనక్కి వాలి, “ఆఁ… ఇప్పుడు చెబుతున్నాడు” అన్నారు.